పదిహేను గెలుపుల పట్టిక

పోయిన నెల కుండీల్లో గోంగూర పెంచడం గురించి రాస్తే మీలో చాలామంది మీ పెరళ్ళ ఫోటోలు పంపారు. కువైట్ నుంచి ఒకావిడ బాల్కనీలో మూడే మూడు కుండీలతో పచ్చడికి సరిపడా ఆకు తీశారట! అందరికీ ధన్యవాదాలు. ఈ నెల కూడా పచ్చదనం గురించే, కాకపోతే తినే ఆకు కాదు, గోల్ఫ్ మైదానం. "ఈవిడకి గోల్ఫ్ ఎందుకొచ్చిందీ?" అని మీరు అనుకునేలోపు నేనే చెప్పేస్తాను. నేను టైగర్ వుడ్స్ అభిమానిని. నేను ఎప్పుడూ కర్ర పట్టుకుని ఆడింది లేదు. చూడడం, చూసింది రాసుకోవడం, అంతే.

మా ఇంట్లో పచారీ లెక్కలు రాసుకునే రూళ్ళ పుస్తకం ఒకటి ఉంది. దాని చివరి పేజీల్లో ఒక పట్టిక గీసుకున్నాను. టైగర్ గెలిచిన 15 మేజర్ టోర్నమెంట్లు, ఏ సంవత్సరం, ఏ మైదానం, ఎంత తేడాతో, రెండో స్థానం ఎవరిది, మూడో రోజు సాయంత్రానికి టైగర్ ఎక్కడున్నాడు. మావారు దాన్ని "నీ పంచాంగం" అంటారు. బీయస్సీలో నా సబ్జెక్టుల్లో స్టాటిస్టిక్స్ ఒకటి. ఉద్యోగం చెయ్యకపోయినా చదివిన చదువు ఎక్కడికీ పోదు కదండీ, అంకెల వరస కనబడితే సగటు కట్టకుండా ఉండలేను.

ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. గోల్ఫ్ కోర్సులో 18 హోల్స్ ఉంటాయి. రోజుకి 18 చొప్పున గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజులు, మొత్తం 72 హోల్స్ ఆడతారు. బంతిని ఒకసారి కొడితే ఒక స్ట్రోకు. ఎవరు తక్కువ స్ట్రోకులతో ముగిస్తే వాళ్ళే విజేత. ఒక్కో హోల్‌కీ ఇన్ని స్ట్రోకులు పట్టాలని ఒక లెక్క ఉంటుంది, దాన్ని పార్ అంటారు. దానికన్నా ఒకటి తక్కువైతే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ. ఏడాది పొడుగునా టోర్నమెంట్లు జరుగుతూనే ఉంటాయి గానీ వాటిలో నాలిగింటినే మేజర్లంటారు. జార్జియాలోని అగస్టాలో జరిగే మాస్టర్స్, పి.జి.ఎ. ఛాంపియన్‌షిప్, యు.ఎస్. ఓపెన్, బ్రిటన్‌లో జరిగే ఓపెన్. గోల్ఫ్ ఆటగాడి పేరు చరిత్రలో నిలిచేది ఈ నాలుగు చోట్లే. ఇవి అందరికన్నా ఎక్కువ గెలిచినవాడు జాక్ నిక్లాస్, 18. తరవాతి స్థానం టైగర్‌ది, 15.

ఇప్పుడు నా పట్టికకి వద్దాం. తేడాల గడిని వరసగా చదువుతాను, ఓపిగ్గా వినండి. 1997 మాస్టర్స్ 12 స్ట్రోకులు. 1999 పి.జి.ఎ. 1. 2000లో యు.ఎస్. ఓపెన్ 15, ఓపెన్ 8, పి.జి.ఎ. సమానం, ప్లేఆఫ్‌లో గెలుపు. 2001 మాస్టర్స్ 2. 2002 మాస్టర్స్ 3, అదే ఏడు యు.ఎస్. ఓపెన్ 3. 2005 మాస్టర్స్ సమానం, మళ్ళీ ప్లేఆఫ్. 2005 ఓపెన్ 5. 2006 ఓపెన్ 2, పి.జి.ఎ. 5. 2007 పి.జి.ఎ. 2. 2008 యు.ఎస్. ఓపెన్ సమానం, ప్లేఆఫ్. 2019 మాస్టర్స్ 1.

అన్నీ కూడితే 59. పదిహేనుతో భాగిస్తే సగటు దాదాపు 4. "ప్రతిసారీ నాలుగు స్ట్రోకుల తేడాతో గెలిచాడన్నమాట, ఇక అతనికి పోటీ ఎవరు?" అనిపిస్తుంది. కానీ స్టాటిస్టిక్స్ చదివినవాళ్ళు సగటు దగ్గర ఆగరు. తేడాలన్నిటినీ చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా పేర్చి సరిగ్గా మధ్యలో ఉన్నది చూడాలి. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో దాన్ని మధ్యగతం అన్నారు, గుర్తుందా? ఇక్కడ ఎనిమిదో అంకె అది. దాని విలువ 2. మొత్తం 59లో 35 స్ట్రోకులు మూడే మూడు టోర్నమెంట్లవి. ఆ మూడూ పక్కన పెడితే మిగిలిన 12 గెలుపులకూ కలిపి 24, అంటే ఒక్కోదానికి రెండేసి.

రెండు స్ట్రోకులంటే ఎంత? నాలుగు రోజుల్లో విజేత సుమారు 275 సార్లు బంతిని కొడతాడు. అందులో రెండంటే వందకి ఒకటి కూడా కాదు. అయిదు టోర్నమెంట్లలో అయితే తేడా ఒకటో, అసలు లేకపోవడమో. ఒక పట్ అంచున ఆగిపోయి ఉంటే చాలు, ఇవాళ మనం 15 అంటున్నది ఏ పదో పదకొండో అయ్యుండేది. ప్రపంచంలో అంతటి ఆటగాడి జీవితంలో గెలుపుకీ ఓటమికీ మధ్య ఉన్నది అంతే. ఈ లెక్క చూసిన రోజు నేను చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను.

ముందు ఆ పెద్ద గెలుపులే దగ్గరగా చూద్దాం. 1997 మాస్టర్స్‌లో టైగర్‌కి 21 ఏళ్ళు. మొదటి రోజు మొదటి తొమ్మిది హోల్స్‌కి 40 స్ట్రోకులు పట్టాయి, పార్ కన్నా నాలుగు ఎక్కువ. చూసేవాళ్ళు "కుర్రాడు బెదిరాడు" అనుకుని ఉంటారు. తొమ్మిదో హోల్ నుంచి పదో హోల్‌కి నడిచి వెళ్ళే ఆ కాస్త సమయంలో, కర్రని వెనక్కి మరీ దూరం తీసుకెళ్తున్నానని గ్రహించి సరిచేసుకున్నాడు. తరవాతి తొమ్మిదికి 30. ఆదివారం సాయంత్రానికి 12 స్ట్రోకుల తేడా. అగస్టా క్లబ్బు మొదటి నల్లజాతి సభ్యుణ్ణి చేర్చుకున్నదే 1990లో. ఆ మైదానంలో నల్లజాతి తండ్రికీ థాయ్ తల్లికీ పుట్టిన కుర్రాడు గెలిచాడు. ఈ దేశంలో రంగు తక్కువై బతికే మనలాంటివాళ్ళకి ఆ గెలుపు ఎందుకు ముఖ్యమో నేను విడిగా చెప్పక్కర్లేదు.

2000 యు.ఎస్. ఓపెన్ కాలిఫోర్నియాలో, సముద్రం ఒడ్డున పెబుల్ బీచ్‌లో. అక్కడ తేడా 15. మేజర్ల చరిత్రలోనే అంత తేడా అంతకు ముందు లేదు. 1862లో ఓల్డ్ టామ్ మోరిస్ 13 స్ట్రోకులతో గెలిచిన రికార్డు 138 ఏళ్ళ తరవాత చెరిగింది. ఆ వారం మొత్తం ఆటగాళ్ళలో పార్ కన్నా తక్కువలో ముగించింది టైగర్ ఒక్కడే, పార్‌కి 12 తక్కువ. రెండో స్థానంలో ఉన్న ఇద్దరూ పార్‌కి 3 ఎక్కువ. అయితే శనివారం మూడో హోల్‌లో టైగర్‌కి ట్రిపుల్ బోగీ పడిందని చాలామందికి గుర్తుండదు. నాలుగులో అవ్వాల్సింది ఏడు పట్టింది. అంత గొప్ప వారంలో కూడా! ఆదివారం 10 స్ట్రోకుల ఆధిక్యంతో మొదలుపెట్టి కూడా ఇవాళ ఒక్క బోగీ రాకూడదని తనకి తాను గురి పెట్టుకున్నాడు. పదహారో హోల్‌లో పార్ కోసం కొట్టిన పట్ లోపల పడగానే పిడికిలి బిగించి ఊపాడు. గెలుపు ఎప్పుడో ఖాయమైపోయింది. అతను ఆడుతున్నది తన లెక్కతో తను.

మరుసటి నెల స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో 8 స్ట్రోకులు. ఆ మైదానంలో 112 ఇసుక గుంటలు, అవే బంకర్లు, ఉన్నాయి. నాలుగు రోజుల్లో ఒక్కదాంట్లోకి కూడా బంతి వెళ్ళలేదు.

ఇక తేడా లేని గెలుపులు. 2000 పి.జి.ఎ. కెంటకీలోని వల్హాలాలో జరిగింది. ఆ వేసవి టైగర్‌ని ఎవరూ ఆపలేరని అందరూ అనుకుంటున్నప్పుడు బాబ్ మే అనే ఆటగాడు వచ్చి పక్కన నిలబడ్డాడు. పి.జి.ఎ. టూర్‌లో అప్పటికీ ఆ తరవాతా ఒక్క టోర్నమెంటూ గెలవని మనిషి. చివరి మూడు రోజులూ 66, 66, 66. ఆఖరి హోల్‌లో మే దూరం నుంచి బర్డీ చేశాడు, టైగర్ కూడా తప్పనిసరిగా చెయ్యాల్సిన బర్డీ చేసి సమానం చేశాడు. మూడు హోల్స్ ప్లేఆఫ్‌లో ఒక్క స్ట్రోకుతో గెలిచాడు. పెబుల్ బీచ్ వీడియో మీరు వందసార్లు చూసి ఉంటారు. వీలుంటే ఈ ఆదివారం వల్హాలా చూడండి. టైగర్ ఎవరో అక్కడ ఇంకా బాగా తెలుస్తుంది.

2005 మాస్టర్స్ అంటే ప్రపంచానికి పదహారో హోల్ చిప్ గుర్తొస్తుంది. బంతి వాలు మీద దొర్లుకుంటూ వచ్చి, హోల్ అంచున ఒక్క క్షణం ఆగి, టీవీలో కంపెనీ గుర్తు కూడా చూపించి, లోపల పడింది. ఆ తరవాత ఏమైంది? పదిహేడులో బోగీ, పద్దెనిమిదిలో బోగీ. ఆధిక్యం మొత్తం కరిగిపోయి క్రిస్ డిమార్కోతో ప్లేఆఫ్ ఆడాల్సి వచ్చింది. అక్కడ మొదటి హోల్‌లోనే బర్డీ చేసి గెలిచాడు. ఆ చిప్‌ని మాత్రమే గుర్తుపెట్టుకున్నవాళ్ళకి ఆ ఆదివారం సగమే తెలుసు.

2008 యు.ఎస్. ఓపెన్ శాన్ డియేగోలోని టోరీ పైన్స్‌లో. అది నగరానికి చెందిన మైదానం, డబ్బు కట్టి మనబోటివాళ్ళు కూడా ఆడుకోవచ్చు. ఎడమ మోకాలిలో లిగమెంటు తెగి, కాలి ఎముకలో సన్నని పగుళ్ళతో ఆడాడు. ఆదివారం చివరి హోల్‌లో బర్డీ చేస్తేనే రాకో మీడియేట్ అనే 45 ఏళ్ళ ఆటగాడితో సమానం. చేశాడు. సోమవారం మళ్ళీ 18 హోల్స్, మళ్ళీ చివర్లో బర్డీ చేస్తేనే సమానం, మళ్ళీ చేశాడు. ఇద్దరికీ 71. ఇంకొక హోల్ ఆడితే తేలింది. మొత్తం 91 హోల్స్. ఆ గెలుపు తరవాత ఆ ఏడాది మరి ఆడలేదు, ఆపరేషన్‌కి వెళ్ళాడు.

నా పట్టికలో చివరి గడి ఇంకో సంగతి చెప్తుంది. మూడో రోజు సాయంత్రానికి టైగర్ ఎక్కడున్నాడు? మొదటి 14 గెలుపుల్లో ప్రతిసారీ అతను ముందంజలో ఉన్నాడు, లేదా ఇంకొకరితో కలిసి ముందున్నాడు. ఒక్కటంటే ఒక్కటి కూడా ఆదివారం వెనకనుంచి వచ్చి గెలిచింది కాదు. ఆ ఎర్ర చొక్కా చూసి ఆదివారం ఏదో మహిమ చేస్తాడని అనుకుంటాం కానీ, పని గురు, శుక్ర, శనివారాల్లోనే అయిపోయేది. పరీక్ష ముందు రాత్రి కాఫీ తాగి చదివే పిల్లలకీ, మూడు నెలల ముందునుంచి రోజూ గంటసేపు చదివే పిల్లలకీ ఉన్న తేడా మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే కదా.

అలా ముందుండి కూడా ఒక్కసారి పోగొట్టుకున్నాడు. 2009 పి.జి.ఎ.లో రెండు స్ట్రోకుల ఆధిక్యంతో ఆదివారం మొదలుపెడితే కొరియాకి చెందిన వై.ఇ. యాంగ్ దాటేశాడు. ఆసియాలో పుట్టిన మగవాళ్ళలో మేజర్ గెలిచిన మొదటివాడు యాంగ్. వెనకనుంచి వచ్చి టైగర్ గెలిచింది కూడా ఒక్కసారే, 2019లో, 43వ ఏట. మూడో రోజుకి మొలినారి కన్నా రెండు స్ట్రోకులు వెనక. పన్నెండో హోల్ చిన్నది, కానీ ముందు వాగు ఉంటుంది. గాలి ఎటు వీస్తుందో తెలియదు. మొలినారి బంతి నీళ్ళలో పడింది. కొప్కా, ఫినౌ, పౌల్టర్ బంతులు కూడా. టైగర్ జెండా వైపు కొట్టలేదు. ఎడమపక్క ఎక్కువ చోటున్న వైపు కొట్టి, రెండు పట్‌లతో పార్ చేసుకుని నడిచాడు. ఎవరూ చప్పట్లు కొట్టే షాట్ కాదది. నన్నడిగితే ఆ మాస్టర్స్ అక్కడే గెలిచాడు. చివరి హోల్‌లో బోగీ చేసినా ఒక్క స్ట్రోకు మిగిలింది.

2006 ఓపెన్ కూడా ఇలాంటిదే. ఆ మే నెలలో తండ్రి ఎర్ల్ పోయాడు. జూన్‌లో యు.ఎస్. ఓపెన్‌లో మొదటి రెండు రోజులకే ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది, ప్రొఫెషనల్ అయ్యాక మేజర్‌లో అలా జరగడం అదే మొదటిసారి. జులైలో ఇంగ్లండ్‌లోని హొయ్‌లేక్‌లో నాలుగు రోజుల్లో డ్రైవర్‌ని, అంటే అన్నిటికన్నా దూరం కొట్టే కర్రని, ఒకే ఒక్కసారి బయటికి తీశాడు. నేల ఎండి గట్టిగా ఉంది, బంతి ఎటూ దొర్లుతుంది, దూరం కన్నా బంకర్లకి దొరక్కుండా ఉండడం ముఖ్యమని లెక్క వేసుకున్నాడు. గెలిచాక కేడీ భుజం మీద తల పెట్టి ఏడ్చాడు.

ఇప్పటిదాకా పట్టికలో ఉన్నవి చెప్పాను. ఇక పట్టికలో లేనివి. 1997 మాస్టర్స్ నుంచి 2008 యు.ఎస్. ఓపెన్ దాకా వరసగా 46 మేజర్లు ఒక్కటీ మానకుండా ఆడాడు. అవి అతని అత్యుత్తమ సంవత్సరాలు. గెలిచినవి 14, గెలవనివి 32. అంటే బాగా ఆడే రోజుల్లో కూడా మూడింట రెండు వంతులు ఇంకెవరో కప్పు ఎత్తుకుంటుంటే చూశాడు. మొత్తం మీద ఏడుసార్లు రెండో స్థానం. నిక్లాస్ సంగతైతే ఇంకా ఆశ్చర్యం, 18 గెలుపులకి 19 సార్లు రెండో స్థానం!

ఆ 32లో రెండు పెద్ద ఖాళీలున్నాయి. 1997 మాస్టర్స్ తరవాత వరసగా 10 మేజర్లు గెలుపు లేదు. 2002 యు.ఎస్. ఓపెన్ తరవాత మళ్ళీ వరసగా 10. రెండూ సరిగ్గా పదే. రెండింటి వెనకా ఒక కారణం కనిపిస్తుంది. 12 స్ట్రోకులతో గెలిచిన తరవాత టైగర్ తన ఆట వీడియోలో చూసుకుని, ఈ స్వింగ్ ఎల్లకాలం నిలిచేది కాదని, కోచ్ బుచ్ హార్మన్‌తో కలిసి మార్చడం మొదలుపెట్టాడు. 1998లో పి.జి.ఎ. టూర్‌లో గెలిచింది ఒకే ఒక్క టోర్నమెంట్. ఆ మార్పు కుదిరాక 1999 ఆగస్టు నుంచి 11 మేజర్లలో 7 గెలిచాడు. అంత గెలిచాక రెండోసారి, 2004లో హాంక్ హేనీ అనే కొత్త కోచ్‌తో, మళ్ళీ మార్చాడు. ఆ ఏడాదే మొదటి ర్యాంకుని ఫిజీకి చెందిన మన భారత సంతతి ఆటగాడు విజయ్ సింగ్ తీసుకున్నాడు. 2005, 2006లలో టైగర్ నాలుగు మేజర్లు గెలిచాడు. మూడో ఖాళీ 2008 నుంచి 2019 దాకా, దాదాపు 11 ఏళ్ళు. వెన్ను ఆపరేషన్లు, చెదిరిన సంసారం, పత్రికల్లో పడ్డ పరువు. వాటికి నా పట్టికలో గడి లేదు.

ఈ ఖాళీల గురించి నేనింత పట్టించుకోవడానికి మా ఇంట్లోనే ఒక కారణం ఉంది. మా పెద్దాడికి పన్నెండేళ్ళు. ఊళ్ళో మునిసిపల్ కోర్సులో నేర్చుకుంటున్నాడు. పోయిన శరత్కాలంలో తొమ్మిది హోల్స్ జూనియర్ పోటీలో నాలుగు స్ట్రోకులతో గెలిచాడు. మేము ఇంకా ఫోటోలు పంపుకుంటూ ఉండగానే వాడి కోచ్ పిలిచి, కర్ర పట్టుకునే తీరు మార్చాలన్నారు. ఇప్పుడు బాగానే పడుతోంది గానీ, వాడు పొడుగు పెరిగి బలం వచ్చాక ఇదే పట్టుతో బంతి ఎడమకి తిరిగిపోతుంది, మారిస్తే మాత్రం ఒక సీజన్ అంతా స్కోర్లు పాడవుతాయి, ఆలోచించుకోండి అన్నారు.

మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మావారు ససేమిరా అన్నారు. "గెలుస్తున్నవాడి చెయ్యి మార్చడమంటే కూర్చున్న కొమ్మ నరుక్కోవడమే" అన్నారు. పాట్‌లక్‌లో కలిసిన స్నేహితులు కూడా అదే మాట. "టైగర్ రెండేళ్ళ వయసులోనే టీవీలో కొట్టి చూపించాడు, అలాంటివాళ్ళకి ఎవరైనా పట్టు మార్చారా?" అని ఒకాయన అడిగారు. అప్పుడే నేను నా పచారీ పుస్తకం తీసింది. రెండేళ్ళకి టీవీలో కనిపించిన ఆ పిల్లాడే 21వ ఏట అంత పెద్ద గెలుపు గెలిచాక తన స్వింగ్ తనే విప్పేశాడని చూపించాను. ఆ వేసవికి తెనాలి నుంచి వచ్చి మాతోనే ఉన్న మావారి నాన్నగారు అంతా విని ఒక మాట అన్నారు. "నిలబడ్డ పైరులో ఎవడూ దున్నడురా. పంట ఇంటికొచ్చాకే కదా మళ్ళీ దుక్కి. మీ వాడి పంట వచ్చింది కదా, ఇప్పుడు దున్నించు." మావారు ఇంకేమీ మాట్లాడలేదు.

చదువుకున్న చదువు నన్ను ఇక్కడ కూడా ఊరికే ఉండనివ్వదు. ఒక్క మనిషి పట్టిక చూసి సూత్రం కట్టకూడదు. మార్చుకుని గెలిచినవాడి పేరు మనకి తెలుసు, మార్చుకుని కనబడకుండా పోయినవాళ్ళ పేర్లు మనకి తెలియవు. నా పట్టికలోనే 2001 మాస్టర్స్ రెండో స్థానంలో డేవిడ్ డువాల్ ఉన్నాడు. ఒకప్పుడు ప్రపంచంలో మొదటి ర్యాంకు అతనిది. ఆ ఏడాదే ఓపెన్ గెలిచాడు, ఆ తరవాత మరో మేజర్ గెలవలేదు. అందుకని "మారిస్తే గెలుస్తాడు" అని నేను మా ఇంట్లో చెప్పలేదు, మీకూ చెప్పను. పట్టిక నిజంగా చెప్పేది ఇంకా చిన్న మాట. గెలుపు లేని ఒక సీజన్ చూసి ఎవరి ఆటకీ వెల కట్టలేం. ప్రపంచ విజేతకే పదేసి మేజర్లు రెండుసార్లు ఖాళీగా వెళ్ళాయి. పన్నెండేళ్ళవాడికి ఒక వసంతం ఖాళీగా వెళ్తే ఏమైంది?

నవంబరులో పట్టు మార్చారు. ఈ వసంతంలో వాడి స్కోర్లు ఆరేడు స్ట్రోకులు పెరిగాయి. పోయిన పోటీలో 22 మందిలో 14వ వాడు. ఒకరోజు కారెక్కి సీటుబెల్టు పెట్టుకుని, ముఖం కిటికీ వైపు తిప్పుకుని ఏడ్చాడు. నేను ఏమీ అనలేదు, రేడియో తగ్గించి నడిపాను. ఇలాంటప్పుడు నాకు టైగర్ అమ్మ కుల్తిదా గుర్తొస్తుంది. అందరూ తండ్రి ఎర్ల్ గురించే రాశారు గానీ, చిన్నప్పుడు టోర్నమెంట్లకి కారు నడిపి తీసుకెళ్ళింది అమ్మేనని టైగర్ తరవాత చెప్పాడు. ఆదివారం ఎర్ర చొక్కా కూడా ఆవిడ చెప్పినదే, ఎరుపు నీకు కలిసొచ్చే రంగని. ఎన్ని మైళ్ళు నడిపిందో, తిరిగొచ్చేటప్పుడు కారులో ఏం మాట్లాడిందో ఏ పట్టికలోనూ ఉండదు.

మన తెలుగువాళ్ళలో ఆ కారు ప్రయాణాలు బాగా తెలిసిన కుటుంబం ఒకటుంది. హైదరాబాదు నుంచి వచ్చిన తల్లిదండ్రులకి కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్‌లో గెలుపు అంచుదాకా వచ్చాడు. పదిహేడో హోల్‌లో కొట్టిన బంతి నేలమీద పడి, ఎడమకి తన్నుకుని నీళ్ళలోకి వెళ్ళింది. ఒక్క స్ట్రోకు తేడాతో ప్లేఆఫ్ తప్పింది. ఆట అయ్యాక ఇంట్లోవాళ్ళని పట్టుకుని ఏడ్చాడు. 2023 ఏప్రిల్‌లో తన మొదటి మాస్టర్స్‌లో, ఆఖరి రోజు, పదహారో హోల్‌లో, 2005లో టైగర్ కొట్టిన ఆ వైపు నుంచే చిప్ కొట్టి లోపల వేశాడు. తొమ్మిదో స్థానంలో ఇంకొందరితో సమానంగా నిలిచాడు. ఆ సెప్టెంబరులో నాపాలో తన మొదటి పి.జి.ఎ. టూర్ టోర్నమెంట్ గెలిచాడు. మా వాడు ఆ చిప్ వీడియోలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తూ ఉంటాడు.

మీ ఇంట్లో కూడా ఏదో ఒక పోటీకి వెళ్ళే పిల్లలు ఉండే ఉంటారు. స్పెల్లింగ్ బీ, కూచిపూడి, టెన్నిస్, మాథ్ కౌంట్స్, ఏదైనా సరే. ఒక పని చేసి చూడండి. గెలిచినవే కాకుండా అన్నీ రాసే ఒక పట్టిక పెట్టండి. తేదీ, ఏం జరిగింది, ఈసారి కొత్తగా ఏం ప్రయత్నించారు, ఎక్కడ తొందరపడకుండా ఆగారు. స్థానం గడిని చివరికి నెట్టండి. మా వాడి పట్టికలో పోయిన పోటీ వరసలో "14" అనే అంకె చివర్లో చిన్నగా ఉంది. దాని పక్క గడిలో వాడే రాసుకున్నాడు, "కొత్త పట్టుతో 9 హోల్స్‌లో 5 సార్లు బంతి తిన్నగా వెళ్ళింది." అంతకు ముందు పోటీలో ఆ అంకె 3.

జూన్‌లో ఇంకొక పోటీ ఉంది. మావారు ఆ రోజుకి సెలవు పెట్టారు. నీళ్ళ సీసాలు, పెరుగన్నం డబ్బా, టోపీ, మందు బిళ్ళలు నా వంతు. మీ పిల్లల పట్టికలు ఎలా ఉన్నాయో రాయండి. వచ్చే నెల కలుద్దాం.